అమీర్‌పేట దాకా వచ్చిన వంశాలు

అమీర్‌పేట, పంజాగుట్టల్లో రెండు మూడు తరాలుగా ఉంటున్న కుటుంబాలను కూడా "మీదే ఊరు?" అని అడిగితే హైదరాబాద్ అనే జవాబు చాలా తక్కువగా వస్తుంది. గుడివాడ పక్కనో, కోదాడ దాటాకో, జహీరాబాద్ అవతలో ఉన్న పల్లె పేరు చెబుతారు. తాతముత్తాతల సమాచారం కోసం ఆ పల్లెలకు కారు వేసుకుని వెళ్లి, నాలుగు పేర్లూ రెండు పాత ఫోటోలూ పట్టుకుని తిరిగి రావడం ఈ ప్రాంతపు ఇళ్లలో కొత్తగా మొదలైన అలవాటు. తెలుగునాట వంశచరిత్ర ఒకప్పుడు ఇంటి గుమ్మంలోకి నడిచి వచ్చేది. దాన్ని మోసుకొచ్చే మనుషులూ, రాసిపెట్టే కరణాలూ కనుమరుగయ్యాక ఇంటివాళ్లే దాన్ని వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది.

విచిత్రమేమంటే ఈ పేటల పేర్లే వంశాల పేర్లు. పాయెగా అమీర్ల "అమీర్-ఎ-కబీర్" బిరుదు మీద అమీర్‌పేట వెలిసింది. పాయెగాలంటే నిజాం తర్వాత నిజాం అంతటి సర్దారులు. సొంత సైన్యం, సొంత జాగీర్లు, నిజాం ఇంటి ఆడపిల్లలతో వియ్యం వాళ్లకు చెల్లాయి. ఈ వంశానికి మూలపురుషుడు అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్. రెండో నిజాం అలీ ఖాన్ కాలంలో ఆయనకు షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదు దక్కింది. ఆ తర్వాత బిరుదు తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి దిగుతూ వచ్చింది. అందువల్ల పాత కాగితంలో "షమ్స్-ఉల్-ఉమ్రా" అని కనిపిస్తే అది ఏ తరం మనిషో వెంటనే తేలదు. సాలార్‌జంగ్‌లు ముగ్గురున్నట్టే ఇక్కడా ఒకే పేరు కింద పలువురున్నారు.

పక్కనున్న బేగంపేట కథలో ఈ తికమక స్పష్టంగా బయటపడుతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కూతురు బషీరున్నిసా బేగంకు పెళ్లి కానుకగా వచ్చింది కాబట్టి దీన్ని బేగంపేట అన్నారనీ, ఆమెను పెళ్లాడినది రెండో పాయెగా అమీర్ అనీ చాలాచోట్ల రాస్తుంటారు. రెండో అమీర్ ఫక్రుద్దీన్ ఖాన్ 1863లో చనిపోయాడు. మహబూబ్ అలీ ఖాన్ పుట్టింది 1866లో. మామగారు పుట్టకముందే అల్లుడు పోవడం కుదరదు. బషీరున్నిసా 1803 దాకా పాలించిన రెండో నిజాం కూతురు. ఆరుకీ రెండుకీ మధ్య ఎవరి కలమో జారింది, మిగతావాళ్లు దాన్ని దించుకున్నారు. వంశవృక్షం గీసేవాళ్లు మొట్టమొదట నేర్చుకోవాల్సిన పని కూడా ఇదే. పేరు దొరకగానే సంబరపడకుండా పక్కన పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం వేసి చూసుకోవాలి.

పంజాగుట్ట వైపు ఇంకో వంశం జాడ ఉంది. గుట్ట మీది ఇర్రం మంజిల్ నవాబ్ ఫక్రుల్ ముల్క్ నివాసం. ఎర్రగడ్డలో ఈనాటి ఛాతీ ఆస్పత్రి పాత భవనమూ ఆయనదే. జాగీర్లు 1949 ఆగస్టు 15న రద్దయ్యాక ఇలాంటి హవేలీలు ఒక్కటొక్కటిగా ప్రభుత్వ కార్యాలయాలయ్యాయి. ఇర్రం మంజిల్‌లో ఇంజినీరింగ్ శాఖలు కొలువుదీరాయి. దాన్ని పడగొట్టి కొత్త అసెంబ్లీ కట్టాలని తెలంగాణ ప్రభుత్వం 2019 జూన్‌లో శంకుస్థాపన చేసింది. కొందరు కోర్టుకెక్కారు. వాళ్లలో నవాబు వారసులూ ఉన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ రోజుల్లో దినపత్రికలు నాలుగు తరాల నవాబుల ముచ్చట్లు వేయడంతో రోజూ ఆ గోడ పక్క నుంచే ఆఫీసులకు వెళ్లే చాలామందికి ఆ భవనం ఎవరిదో అప్పుడే తెలిసింది.

నవాబుల తర్వాత వచ్చినవాళ్లదే ఈనాటి అమీర్‌పేట. 1942లో సనత్‌నగర్ దగ్గర ఆల్విన్ కర్మాగారం మొదలైంది. చుట్టుపక్కల జిల్లాల కుర్రాళ్లు ఫిట్టర్లుగా, టర్నర్లుగా చేరారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు మారినప్పుడు గుమాస్తాలు, ఇంజినీర్లు, టీచర్లు సామాన్లు సర్దుకుని వచ్చారు. నీలం సంజీవరెడ్డి పేరుతో ఎస్‌ఆర్ నగర్ లేచింది. సినిమావాళ్లు మద్రాసు వదలడానికి ఎంతో ముందే అమీర్‌పేటలో సారథి స్టూడియో వెలిసింది. సారథి సంస్థ వెనక ఉన్నది కృష్ణా జిల్లా చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. జమీందారీ దౌర్జన్యాన్ని ఎండగట్టిన 'రైతుబిడ్డ' సినిమాను 1939లో తీయించిన జమీందారు ఆయనే కావడం తెలుగు సినిమా చరిత్రలో ఓ తమాషా. యార్లగడ్డ అనే ఊరు ఇప్పటికీ చల్లపల్లి మండలంలోనే ఉంది. ఇంటిపేరే ఊరి పేరయిన కుటుంబాలకు వెతుకులాటలో సగం పని ముందే తీరినట్టు. మనిషి ఎక్కడికి వలస పోయినా మూలగ్రామం పేరు ముందు నిలబడి ఉంటుంది.

1990ల తర్వాత మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్లు పుట్టుకొచ్చాయి. ఆ హాస్టళ్లలో ఆర్నెల్లు ఉన్నవాళ్లు కొందరు బెంగళూరుకీ డల్లాస్‌కీ వెళ్లారు, కొందరు ఇక్కడే ఫ్లాట్ కొనుక్కున్నారు. సంక్రాంతికి ముందు రాత్రుళ్లు పంజాగుట్ట, అమీర్‌పేట, ఎస్‌ఆర్ నగర్ రోడ్ల పక్కన బ్యాగులతో నిలబడే జనాన్ని చూస్తే ఈ ప్రాంతానికి ఎన్ని ఊళ్లతో చుట్టరికముందో అర్థమవుతుంది.

ఈ కుటుంబాలు పల్లెల్లో ఉన్నప్పుడు తమ వంశం గురించి తాము రాసుకోలేదు. రాసుకోవాల్సిన అవసరం పడలేదు. ఆ పని చేయడానికే కొన్ని కులాలుండేవి. రెడ్లు, కమ్మవారు వంటి వ్యవసాయ కులాల గోత్రాలు, ఇంటిపేర్లు, వంశక్రమం చెప్పేవాళ్లు పిచ్చుకుంట్లవారు. పంట కళ్లాల్లో ఉండగా వచ్చేవారు. తంబుర మీటుతూ ఫలానా ఇంటిపేరువాళ్లు ఏ ఊరి నుంచి కదిలారో, మూలపురుషుడెవరో, అన్నదమ్ములు ఎక్కడెక్కడ విడిపోయారో పాడి వినిపించి ధాన్యమో, బట్టలో, దూడనో పట్టుకెళ్లేవారు. పల్నాటి కథ కూడా పాడేవారు. ఏ కుటుంబానికి ఏ ఊళ్లు మిరాశో, అంటే వంశపారంపర్య హక్కో, వాళ్లలో వాళ్లకు కట్టుబాటు ఉండేది. ఒకరి మిరాశిలో ఇంకొకరు అడుగుపెడితే పంచాయితీ జరిగేది. ఆ ఊళ్లను అన్నదమ్ములు ఆస్తిలాగే పంచుకునేవారు. పిచ్చుకుంట్ల అన్న మాటలో చిన్నచూపు ధ్వనిస్తుందని ఈ కులంవాళ్లు వంశరాజులమని చెప్పుకుంటారు. వెనుకబడిన తరగతుల ప్రభుత్వ జాబితాలోకి కూడా ఆ పేరు ఎక్కింది.

రాజుల దగ్గర, దొరల దగ్గర ఇదే పని భట్రాజులు చేసేవారు. తెలంగాణలో ఈ ఏర్పాటు మరింత విస్తారం. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు, మాదిగలకు డక్కలివాళ్లు జాంబ పురాణం, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ. గొల్లలకు మందహెచ్చులవాళ్లున్నారు. వీళ్లలో చాలామంది మూరల కొద్దీ పొడవున్న పటం విప్పుతూ బొమ్మ చూపించి కథ నడిపిస్తారు. ఆ పటాలు వేసేవాళ్లు చేర్యాల నకాశీలు. ఒక కులాన్ని ఆశ్రయించి బతికే కులం కాబట్టి పరిశోధకులు వీళ్లను ఆశ్రిత కులాలన్నారు. కానీ జ్ఞాపకం విషయంలో ఎవరు ఎవరిని ఆశ్రయించారో ఆలోచించాల్సిందే. దాత కుటుంబానికి తన ముత్తాత తాత పేరు తెలియదు, అడుక్కునే మనిషికి తెలుసు.

ఇళ్లలో మిగిలే లెక్క మూడు తరాలది. తద్దినం పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లను వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా చెప్పిస్తారు. తల్లి, నాయనమ్మ, తాతమ్మల పేర్లూ వస్తాయి. ఆపైన గోత్రం, ప్రవర, అంటే ఋషుల పేర్లు. మధ్యలో ఉన్న తరాలన్నీ ఖాళీ. తద్దినం మానేసిన ఇళ్లలో ఆ మూడూ కూడా పోతాయి. కాశీ, గయ వెళ్లినవాళ్లు అక్కడి పురోహితుల పుస్తకాల్లో తమ పేర్లు, ఊరు రాయించి వచ్చేవారు కనుక కొందరికి అక్కడ ఒకటో రెండో తరాలు అదనంగా దొరుకుతాయి. కాశీకి వెళ్లగలిగే స్తోమత ఉన్న కుటుంబాలకే ఆ అదృష్టం.

తెలుగునాట వంశాల సమాచారం కోసం పనిగట్టుకుని ఊరూరా తిరిగిన తొలి బృందం ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీది. ఆ తిరుగుడు నిజంగా తిరిగినవాళ్లు ఏలూరుకు చెందిన కావలి సోదరులూ, వాళ్లు తయారుచేసిన గుమాస్తాలూ. వాళ్లలో బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య పని కొనసాగించాడు. ఊరికి వెళ్లి కరణాన్ని కూర్చోబెట్టి, అతని దగ్గరున్న ఊరి దస్తరం దండకవిలె చూసి, ఊరు ఎప్పుడు కట్టారు, గుడి ఎవరు ఎత్తించారు, మిరాశీలు ఎవరివి, జమీందారు వంశం ఎక్కడిది అని అడిగి రాసుకున్నారు. అవే గ్రామ కైఫీయతులు. మెకంజీ 1821లో కన్నుమూశాక కట్టలు లండన్, కలకత్తా, మద్రాసులకు చెదిరిపోయాయి. కొంత భాగానికి నకళ్లు రాయించి కాపాడినవాడు సి.పి. బ్రౌన్. మూలగ్రామం తీరాంధ్రలోనో రాయలసీమలోనో ఉన్న కుటుంబం ప్రయాణానికి ముందు ఆ ఊరి కైఫీయతు అచ్చయిందేమో చూసుకుంటే సగం దారి కలిసొస్తుంది. అయితే కైఫీయతులో కరణం కుటుంబం, రెడ్డి కుటుంబం, గుడి పూజారి కనిపించినంతగా ఊళ్లో మిగతావాళ్లు కనిపించరు.

ఆ కొరత భూమి రికార్డులతోనూ తీరదు. నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ చేసి పాలనను జిల్లాలకు మార్చాక పటేలు, పట్వారీల లెక్కలు ఒక పద్ధతిలో పడ్డాయి. మొదట ఫార్సీ, 1884 నుంచి ఉర్దూ సర్కారు భాష. అందుకే నల్లగొండ పల్లె నుంచి వచ్చిన మనవడికి ముత్తాత పేరున్న కాగితం దొరికినా చదివించుకోవడానికి మళ్లీ పాతబస్తీకి వెళ్లాలి. సంవత్సరాలు ఫసలీలో ఉంటాయి. దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ తెలంగాణ కుటుంబాలకు అన్నిటికన్నా పనికొచ్చే పత్రం. పట్టాదారు పేరు, సాగులో ఉన్న మనిషి పేరు పక్కపక్కనే ఉంటాయి. పాత దఫ్తర్లు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో కరణం, మునసబు, పటేలు, పట్వారీ పదవులను ఒక్క ఆర్డినెన్సుతో తీసేసింది. ఊరి పెత్తనం నుంచి విముక్తి అని చాలామంది సంతోషించారు, అందులో న్యాయముంది. కానీ పాత కరణం ఇంటి అటక మీద ఉండిపోయిన కవిలెలకు ఎవరూ పూచీ పడలేదు. తెలంగాణలో 2020లో గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) పదవి కూడా పోవడంతో ఫలానా ఇంటివాళ్లు ఎవరని ప్రభుత్వం తరఫున చెప్పగల మనిషి పల్లెలో కొన్నేళ్లపాటు కరువయ్యాడు.

భూమి లేనివాళ్లకు వేరే కాగితాలున్నాయి. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఆధ్వర్యంలో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. అక్కడి దళిత కుటుంబాలకు చర్చి రిజిస్టరే తమ పేరు ఎక్కిన తొలి కాగితం. ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గరి నికా రిజిస్టర్లు ఆధారం. సముద్రం దాటినవాళ్ల సంగతి మరీ ఆశ్చర్యం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలుపెట్టి దక్షిణాఫ్రికాకు, ఫిజీకి ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, ఒంటి మీది పుట్టుమచ్చలతో సహా దొరలు నమోదు చేశారు. మారిషస్‌లోనైతే అలాంటి రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. చెరకు తోటల కోసం చేసిన లెక్క అది, ప్రేమతో చేసింది కాదు. అయినా ఐదో తరం మనిషి డర్బన్ నుంచి ఆ చీటీ పట్టుకుని విశాఖ జిల్లాలో ఊరు వెతకగలుగుతున్నాడు. అదే కాలంలో ఊళ్లోనే ఉండిపోయిన అతని దాయాదులకు అంత వివరం దొరకదు.

ఈ వెతుకులాటకు ఉత్సాహం ఎక్కించిన పుస్తకం అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'. సహవాసి అనువాదం 'ఏడు తరాలు'ను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆఫ్రికా పల్లెలో వంశకథ నోటికి చెప్పే గ్రియో ఆ పుస్తకంలో కీలకం. అలాంటివాళ్లు తమ కళ్లాల దగ్గరికే వచ్చి పాడేవారన్న సంగతి తెలుగు పాఠకులు ఎందరికి తట్టిందో చెప్పలేం.

ఈ వెతుకులాటలో ఊరికి వెళ్లి రావడానికి అమీర్‌పేట వాసుల్లో చాలామందికి దారి ఒక్కటే. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే పాత తొమ్మిదో నంబరు జాతీయ రహదారికి 2010లో 65 అని నంబరు మార్చారు. గోల్కొండ వజ్రాలు బందరు రేవుకు పోయిన దారికి ఇది వారసురాలు. విజయవాడ నుంచి సుమారు 270 కిలోమీటర్లు. నందిగామ, కోదాడ, సూర్యాపేట, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి ఎల్‌బీ నగర్ దగ్గర నగరంలోకి వస్తుంది. అక్కడి నుంచి మలక్‌పేట, నాంపల్లి, ఖైరతాబాద్, ఇర్రం మంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి మీదుగా మియాపూర్ దాకా ఇప్పుడు తలపైన మెట్రో కూడా సాగుతుంది. అమీర్‌పేట స్టేషన్ 2017 నవంబరులో తెరుచుకుంది, ఎల్‌బీ నగర్ వైపు రైలు మరుసటి ఏడాది సెప్టెంబరులో మొదలైంది.

పూర్వీకుల ఊరికి పోయేటప్పటి కన్నా తిరిగొచ్చేటప్పుడే అసలు పని జరుగుతుంది. ఊళ్లో పలకరింపులు, భోజనాలు, పాత ఇంటి పునాది చూపించడాలతోనే పొద్దు గడిచిపోతుంది. కారెక్కాక విన్నవాటిని పోల్చుకోవడం మొదలవుతుంది. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల వంశంలో ముగ్గురు వెంకటసుబ్బయ్యలుంటారు. ఊరి పెద్ద చెప్పినది ఏ వెంకటసుబ్బయ్య గురించో సూర్యాపేట వచ్చేసరికి తగువు పడుతుంది. భార్య పేరు, ఆమె పుట్టింటి ఊరు తెలిస్తేనే అది తేలుతుంది. వంశకథలు చెప్పేవాళ్లు మగ వరసే చెప్పారు. భూమి కాగితం మగవాడి పేరే చూపిస్తుంది. ఆడవాళ్ల వరస ఆడవాళ్ల నోట మాత్రమే మిగిలింది. కాబట్టి ప్రయాణంలో అందరికన్నా విలువైన మనిషి ఏ ఊళ్లోనో ఉన్న వృద్ధ మేనత్త. పెళ్లిళ్లు ఎవరికెవరితో అయ్యాయో, ఏ కరువులో ఎవరు కదిలారో ఆమెకు తెలుసు. ఆమె చెప్పేటప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకున్నవాళ్లు తెలివైనవాళ్లు. పంజాగుట్ట చేరాక రాసుకుందామనుకున్నవాళ్లకు మర్నాటి ఆఫీసు అడ్డొస్తుంది.

పంజాగుట్ట శ్మశానవాటికలో ఇప్పటికే ఈ వలస కుటుంబాల తొలి తరం ఉంది. రెండో తరం పిల్లలు ఇక్కడి ఆస్పత్రుల్లోనే పుట్టారు. వీళ్ల పిల్లలకు మూలం వెతకడానికి ఊరికి పోవాల్సిన పనుండదు. జనన, మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది కాబట్టి రెండు కాగితాలూ నగరపాలక సంస్థ ఇస్తుంది. జనన ధ్రువపత్రంలో తల్లి పేరు, తండ్రి పేరు ఉంటాయి. తాత పేరుకు చోటు లేదు, నాయనమ్మ పేరుకు అసలే లేదు. ఊరికి మాత్రం ఒక గడి ఉంది. తల్లిదండ్రుల శాశ్వత చిరునామా అని ఉండే ఆ గడిలో అద్దె ఫ్లాట్ నంబరు కాకుండా పల్లె పేరు, మండలం రాయించడం మేలు.